బల్లి చదివిన బడి

మా బడికి తెర వచ్చిన రోజున మండల విద్యాధికారి ధనుంజయరావు గారు స్వహస్తాలతో కొబ్బరికాయ కొట్టారు. కాయ కుళ్ళింది. "కుళ్ళితే శుభమేనమ్మా!" అన్నారాయన. కుళ్ళితే శుభం, పువ్వొస్తే శుభం, పగలకుండా దొర్లిపోతే మరీ శుభం. సర్కారు వారి కొబ్బరికాయకు అశుభమనే మాటే లేదు.

నా పేరు ఎస్తేరు రాణి. పీతలలంక ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిని. ఉపాధ్యాయురాలిని కూడా నేనే. గంట కొట్టేదాన్నీ నేనే. ఉన్నది ఒకటే గది, అందులో ఐదు తరగతులు. వెనకాల తాటాకు పాక, అందులో మధ్యాహ్న భోజనం వండే నూకరత్నం. ఇదీ మా సంస్థ.

ఆ తెరను పై అధికారులు ఇంటరాక్టివ్ ప్యానెల్ అన్నారు. లంకలో వాళ్ళు గోడసెల్లు అన్నారు. నూకరత్నం దాన్ని ఎగాదిగా చూసి, "ఇందులో సీరియళ్ళు వత్తాయాండీ టీచరు గారూ?" అని అడిగింది. రావన్నాను. "మరెందుకండీ అంతది!" అని మూతి విరిచి పాకలోకి వెళ్ళిపోయింది.

నిజం చెప్పాలి, తెర మీద నాకు ఏ కోపమూ లేదు. మొదటి వారం దాంట్లో తిమింగలాన్ని చూపించాను. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు. మూడో తరగతి గంగాభవాని అయితే లేచి గోడ అవతలికి వెళ్ళి, మిగతా తోక బయటికేమైనా వచ్చిందేమో చూసి మరీ వచ్చింది. అలా వాడుకోనిచ్చి ఉంటే ఎంత బాగుండేది! కానీ వస్తువు వచ్చాక ఊరికే ఉండనిస్తారా? దాని వెనకాలే ఉత్తర్వులు వచ్చాయి.

రాష్ట్ర స్పర్శాభ్యసన మండలి అని ఒకటి పెట్టారట. వారి మొదటి ఉత్తర్వు: "సుద్దముక్కల ధూళి తెరకు హానికరము గనుక తక్షణమే సుద్దముక్కలు, పలకలు, నల్లబల్లలు ఉపసంహరించుకొనవలెను." వ్యాను వచ్చి పలకలు ఎక్కించుకుపోయింది. నల్లబల్ల గోడలో కలిసిపోయి ఉండటంతో ఎత్తుకుపోలేక, దానిమీద 'తాకు, తెలుసుకో' అని ఒక ఫ్లెక్సీ కొట్టిపోయారు. రెండో ఉత్తర్వు: "తెరను రేయింబవళ్ళు ఆపరాదు. వెలుతురు పడకుండా కిటికీలు మూసి ఉంచవలెను." మూడోదే అసలుది. తెర మీద ఎన్నిసార్లు తాకితే అన్ని స్పర్శలు లెక్కకొస్తాయి. ఆ లెక్కే స్పర్శ సూచిక, ఆ సూచికే చదువు. "సూచికలో అట్టడుగున నిలిచిన బడులను అచేతన పాఠశాలలుగా ప్రకటించి, సమీపమున గల సచేతన పాఠశాలలో విలీనము చేయవలెను."

మా సమీపమున గల సచేతన పాఠశాల దాళ్ళగరువులో ఉంది. దానికీ మాకూ నడుమ పెద్ద మురుగుకాలువ. దాని మీద వంతెన అంటే రెండు తాటిపట్టెలు, అంతే. పట్టుకోవడానికి ఒక తాడైనా లేదు. కిందటి వానలకి ఆ పట్టెల మీంచి ఒక గేదెదూడ జారి పడితే మళ్ళీ కనపడలేదు. గంగాభవాని తల్లి వీరవేణి రొయ్యల షెడ్డులో తలలు వలిచే పనికి తెల్లారకముందే వెళ్ళిపోతుంది. ఉత్తర్వు సంగతి విని నా దగ్గరకొచ్చింది.

"బడి అవతలికి పోద్దంట గదాండీ. ఆ పట్టెల మీద పిల్లనెవరు దాటిత్తారండీ? పోతే గీతే మాత్రం నా పిల్లని పంపనండి. నాతోపాటే షెడ్డుకి తీసుకుపోతాను. దాని చేతులు చిన్నియి గదా, రొయ్యలు బేగి వలుత్తాది."

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. ఆ చేతులు రొయ్యలు వలవడానికి వెళ్ళకూడదంటే బడి ఉండాలి. బడి ఉండాలంటే తాకాలి. సరే, తాకుదాం.

మర్నాటి నుంచి మా బడిలో ప్రార్థన, ప్రతిజ్ఞ, తర్వాత తాకుడు. పిల్లలు వరసగా నిలబడి తాకడం, వెనక్కి వచ్చి మళ్ళీ నిలబడి మళ్ళీ తాకడం. గుళ్ళో ప్రదక్షిణాలు నయం, అక్కడ చివర్లో ప్రసాదమైనా పెడతారు. తెరలో 'అక్షరాల తోట' అనే ఆట ఉండేది. ఎక్కడ తాకినా అందులోంచి ఒక ఆడగొంతు "శభాష్!" అనేది. తప్పు తాకినా శభాషే. చదువు ఇంత సుఖంగా ఉంటుందని నేను టీచర్ ట్రైనింగులో ఎరుగను. ఒకటో తరగతి కొండబాబు భోజనాల వేళ పళ్ళెంలో గుడ్డును రెండు వేళ్ళతో లాగి పెద్దది చెయ్యబోయాడు. గుడ్డు పెద్దదవ్వలేదు సరికదా, చారులో చితికిపోయింది. వాడు శభాష్ కోసం చూసి, రాకపోయేసరికి భోరుమన్నాడు.

ఒకరోజు నాకు విసుగొచ్చి, తాకుడు మాన్పించి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కాకి, పీత కథ చెప్పాను. ఒక్కడు కదిలితే ఒట్టు. కథ సగంలో ఉండగా ఫోను మోగింది.

"స్పర్శాభ్యసన మండలి పర్యవేక్షణ కేంద్రం నుంచి మాట్లాడుతున్నామమ్మా. మీ తెర చాలాసేపటి నుంచి నిశ్చలంగా ఉంది. బడికి సెలవిచ్చేశారా?"

"లేదండీ. కథ చెబుతున్నాను."

"పిల్లలేం చేస్తున్నారు?"

"వింటున్నారండీ."

అవతల కీబోర్డు టకటకలాడింది. "వినడం నమోదు కాదమ్మా" అన్నాడతను, జాలిగానే.

"ఆలోచిస్తున్నారండీ."

"దానికీ ఆప్షన్ లేదమ్మా."

ఎంత తాకినా మాకు లాభం లేకపోయింది. పట్నంలో బడులకు వందల చేతులు. మాకున్నవి గుప్పెడు పిల్లల చేతులు, వాటిలో సగం చీమిడి తుడుచుకోవడానికే సరిపోతాయి. ధనుంజయరావు గారు నోటీసు పట్టుకొచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు. పైనుంచి వచ్చిన నీళ్ళను కిందికి వదిలే తూము వంటి మనిషి. నీళ్ళ రంగుతో ఆయనకు పనిలేదు.

"నెలాఖరుకి విలీనం తప్పదమ్మా. సూచికలో మీ కింద ఇంకెవ్వరూ లేరు" అన్నారు. నోటీసు మీద సంతకం పెట్టిచ్చాను.

ఆ తర్వాత వానలు పడ్డాయి. కిటికీలు మూసిన చీకటి గదిలో ఆరని వెలుగు, వెలుగుకు ఉసిళ్ళు, ఉసిళ్ళ కోసం బల్లి. ఆదివారం చర్చి చూసుకుని, సోమవారం వచ్చి బడి తలుపు తీశాను. లోపలి నుంచి "శభాష్! శభాష్! శభాష్!" అని ఒకటే కేకలు. తెర నిండా మెలికలు మెలికలుగా గీతలు. వాటి మధ్య మన బల్లి గారు ఉసిళ్ళ వెంట ఉరుకుతున్నారు. కాలు వేసిన చోటల్లా స్పర్శ. ఆగితే నాలుగు స్పర్శలు, తోక ఆడిస్తే ఐదు. ఉసిలి ఎగిరి అటు వాలితే అదీ ఒకటి.

నేను గుడ్లప్పగించి చూస్తుండగానే ధనుంజయరావు గారి ఫోను.

"ఎస్తేరు రాణి గారూ! రాష్ట్రంలో ప్రథమ స్థానం అమ్మా! ఆదివారం కూడా పిల్లల్ని కూర్చోబెట్టారా? ఏం నిబద్ధత, ఏం నిబద్ధత!"

నాకు అబద్ధమాడటం చేతకాదు. "పిల్లలు కాదండీ, బల్లి" అన్నాను.

ఆయన జీపేసుకుని వచ్చారు. తెర బాగుచేసే కుర్రాణ్ణి కూడా తెచ్చారు. ఆ కుర్రాడు చూసి, "దీనికి వేలూ, కాలూ, తోకా తేడా తెలీదండి. అంచుల్లో కనపడని కిరణాలుంటాయి. ఏది అడ్డొచ్చినా స్పర్శే" అని తేల్చాడు. ధనుంజయరావు గారు నిలబడి ఉత్తర్వును ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చదివారు.

"ఇందులో స్పర్శ అని ఉందమ్మా. ఎవరి స్పర్శ అన్నది ఎక్కడా లేదు. ఉత్తర్వు మౌనంగా ఉన్నచోట మనం మాట్లాడకూడదు. అయితే ఒక్కటే చిక్కు. బడిలో చేరని జీవి తాకితే అది అక్రమ స్పర్శ అవుతుంది. ఆడిట్‌లో పట్టుకుంటారు. కనుక చేర్చేసుకోండి."

"దేన్నండీ?"

"దాన్నే."

అలా బల్లిని ఒకటో తరగతిలో చేర్చుకున్నాము. పిల్లలు బుల్లెమ్మ అని పేరు పెట్టారు. కంప్యూటరులో వివరాలు నింపడానికి ధనుంజయరావు గారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"మాతృభాష అడుగుతోందండీ."

"ఏదీ లేకపోతే తెలుగు పెట్టెయ్యండి."

"తల్లిదండ్రుల వృత్తి?"

"పురుగులు పడతాయిగా? వ్యవసాయ అనుబంధం."

తర్వాత ముఖ హాజరు. రోజూ ఉదయం ప్రతి విద్యార్థి ముఖానికీ ఫోను చూపించాలి. బుల్లెమ్మకు చూపిస్తే ఫోను "దయచేసి కళ్ళు ఆర్పండి" అంది. బల్లికి రెప్పలుంటేగా ఆర్పడానికి! నేనూ ఫోనూ బల్లీ ఒకరి మొహాలొకరం చూసుకుంటూ కూర్చున్నాము. చివరికి పశువుల డాక్టరు గారు వచ్చి, కంటి పరీక్ష చేసి, 'సదరు విద్యార్థిని రెప్పవేయక చదువును' అని ధ్రువపత్రం రాసిచ్చారు. ఆ వాక్యం మండలి వారికి ఎంత నచ్చిందంటే, దాన్ని గోడపత్రికగా అచ్చువేసి అన్ని బడులకూ పంపారు.

గుడ్డు దగ్గర మాత్రం పెద్ద గొడవైంది. హాజరైన ప్రతి విద్యార్థికీ గుడ్డు పెట్టి ఫొటో తియ్యాలి. నూకరత్నం గరిటె విసిరికొట్టింది.

"బల్లికి గుడ్డేంటండీ, నా తలకాయ! అదే పెడతాది గదా గుడ్లు! ఇంటికాడ మా ముసలోడు గుడ్డు గుడ్డంటా ఏడుత్తుంటే ఈ గోడపురుక్కి పెట్టాలా?"

ఎలాగో నచ్చజెప్పాను. ఫొటో తీయించాక ఆ గుడ్డును వంతులవారీగా పిల్లలకే ముక్కలు చేసి పెట్టేవాళ్ళం. అన్నిటికన్నా పెద్ద లాభం ఇంకోటుంది. స్పర్శల పని బుల్లెమ్మ చూసుకుంటోంది కాబట్టి నా పిల్లల చేతులు ఖాళీ అయ్యాయి. వాళ్ళను వంటపాకలోకి తీసుకుపోయాను. పలకలు లేవు, సుద్దముక్కలు లేవు. నూకరత్నం పొయ్యిలో బొగ్గులున్నాయి, పాకలో గచ్చునేల ఉంది. ఉత్తర్వుల్లో బొగ్గు ప్రసక్తి లేదు. గది లోపల బల్లి శభాష్‌లు కొట్టించుకుంటుంటే, పాకలో మా పిల్లలు బోర్లా పడుకుని గుణింతాలు రాశారు. వానాకాలం పోయేసరికి చిన్నవాళ్ళకి పేర్లు రాయడం, పెద్దవాళ్ళకి నూకరత్నం పోపుడబ్బాల మీది కాగితాలు చదవడం వచ్చేశాయి. చేతులు మసి, మూతులు మసి. నూకరత్నం "ఇళ్ళకెళ్తే మీయమ్మలు నన్ను తిడతారర్రా!" అని మొత్తుకుంటూనే మంచి బొగ్గులు ఏరి పక్కన పెట్టేది.

అప్పుడు మండలి సంచాలకులు డాక్టర్ ఆనందవర్ధన్ గారు స్వయంగా వస్తున్నట్టు కబురొచ్చింది. 'సరీసృప సహకార స్పర్శాభ్యసనం' అన్ని బడుల్లో పెట్టాలని వారి సంకల్పమట. ఇప్పటికే పక్క మండలంలో బల్లుల్ని పట్టేందుకు టెండర్లు పిలిచారని, ఒక పట్నం బడి 'మా వద్ద ప్రతి తరగతికి రెండు బల్లులు' అని బోర్డు కట్టిందని ధనుంజయరావు గారు గొప్పగా చెప్పారు.

ఆనందవర్ధన్ గారు నున్నటి బట్టతల మనిషి. వచ్చీ రాగానే తెర పక్కన నిలబడి, కెమెరాల ముందు ఉపన్యాసం అందుకున్నారు. "మన గ్రామాలు ఇంకా మూఢనమ్మకాల ఊబిలో ఉన్నాయి. శాస్త్రీయ దృక్పథమే మనకు శరణ్యం. బల్లిని చూసి భయపడిన జాతి ఈనాడు బల్లితో కలిసి చదువుతోంది!" అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటోగ్రాఫరు ఫ్లాష్ వెలిగించాడు. తెర పైఅంచున కూర్చున్న బుల్లెమ్మ బెదిరి ఎగిరి దూకింది. దూకి, సంచాలకుల వారి నడినెత్తిన పడింది. అక్కడ పట్టు దొరక్క, నుదుటి మీదకు జారి, కుడిచెవి మీదుగా భుజం ఎక్కి, గోడకి పోయింది. తెరలో ఆడగొంతు "శభాష్!" అంది.

శాస్త్రీయ దృక్పథం ఒక్క గంతులో పెరటి కుళాయి కిందికి వెళ్ళి కూర్చుంది. సంచాలకుల వారు సూటూ బూటూ సహా నీళ్ళు గుమ్మరించుకుని, అక్కడి నుంచి గడగడా వణుకుతూ వంటపాకలోకి వచ్చారు.

"పంచాంగం ఉందా? త్వరగా! నెత్తిన పడితే ఏమిటి ఫలం?"

నూకరత్నం ఉప్పుడబ్బా వెనక నుంచి పంచాంగం తీసింది. ఆయన కళ్ళజోడు గంతులో ఎక్కడో పడిపోయింది. ధనుంజయరావు గారి జోడు జీపులో ఉంది, జీపు టీకి పోయింది. నూకరత్నానికి చదువు రాదు. నేను చెయ్యి చాపితే పుస్తకం వెనక్కి లాక్కుంది.

"మీరొద్దండీ టీచరు గారూ, ఏవనుకోకండి. మీరు చర్చికెల్తారు గదా. మీ నోట ఇది పలకదు. ఒసే గంగా, ఇలా రా. బల్లిపాటు కాడ చదువు."

గంగాభవాని మసిచేతులు గౌనుకు తుడుచుకుని, పుస్తకం అందుకుని, వేలు పెట్టి నింపాదిగా చదివింది. "న-డి-నె-త్తి-న… మృ-త్యు-వు." నావైపు తిరిగి, "కరెక్టేనా టీచర్?" అని అడిగింది.

"కరెక్టేనమ్మా! మృత్యువే!" అన్నాను. పొంగిపోతూ అన్నాను, దేవుడు నన్ను క్షమించుగాక. సంచాలకుల వారు పొయ్యిపక్క పీట మీద కూలబడ్డారు.

"నుదుట… బంధువులకు ఎడబాటు. కుడిచెవి… దుఃఖము." పిల్ల ఆగేట్టు లేదు. చదవడం వచ్చినవాళ్ళకు ఆపడం రాదు.

"ఇంక చాలు, చాలు! శాంతి ఏదైనా ఉందా?"

నూకరత్నం చీరకొంగు బిగించింది. "కంచిలో బంగారు బల్లిని ముట్టుకున్నోళ్ళని ముట్టుకుంటే దోసం పోద్దండి. నేను టూరు బస్సులో ఎల్లి ముట్టుకుని వచ్చానండి."

"అయితే చెయ్యి ఇవ్వమ్మా!"

"ఉండండి, చేపల చెయ్యి కడుక్కోనివ్వండి."

"కడుక్కోవద్దు, ముందు ఇవ్వు!"

ఆయన రెండు చేతులా నూకరత్నం చెయ్యి పట్టుకుని, కళ్ళకద్దుకుని చాలాసేపు వదల్లేదు. రాష్ట్రం మొత్తంలో ఆనాడు జరిగిన అతి గాఢమైన స్పర్శ అదే అయి ఉంటుంది. ఏ సూచికలోనూ ఎక్కలేదు.

ప్రాణం కుదుటపడ్డాక ఆయన చుట్టూ చూశారు. గచ్చు నిండా అక్షరాలు. అమ్మ, ఆవు, రొయ్య, వీరవేణి, కొండబాబు.

"ఈ పాప చదివింది" అన్నారు నెమ్మదిగా. "ఏ మాడ్యూలు?"

"బొగ్గండీ."

"తెరను తాకకుండానా?"

"తాకకుండానేనండీ."

ఆయన మొహం మళ్ళీ ఆఫీసు మొహమైపోయింది. పదిమంది ఎదుట తడిసిన మనిషికి కోపం తొందరగా వస్తుంది. నాలుగోనాడు మెమో వచ్చింది. "ప్రధానోపాధ్యాయురాలు మండలి అనుమతి లేని ఇంధనముతో విద్యార్థులకు అనధికార అక్షరాస్యత కలిగించినట్లు రుజువైనది. ఇంక్రిమెంటు ఏల నిలుపరాదో సంజాయిషీ ఇవ్వవలెను. సూచికలో ప్రథమ స్థానమున ఉన్న పాఠశాలను విలీనము చేయుటకు నిబంధనలు అనుమతించవు గనుక, ఒకటో తరగతి విద్యార్థిని బుల్లెమ్మ ప్రతిభ కొనసాగునంత వరకు పాఠశాల యథాతథముగా నడుచును."

మెమో ఇచ్చింది ధనుంజయరావు గారే. నేను రెండో వాక్యం చదవనేలేదు. మూడోదే మళ్ళీ మళ్ళీ చదివాను. బడి ఉంటుంది. గంగాభవాని షెడ్డుకు వెళ్ళదు. అక్కడే, అధికారి ఎదుటే, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేశాను.

"సంజాయిషీ నేను రాసిపెడతాలెండి. ఇలాంటివి రాయడంలో చెయ్యి తిరిగినవాణ్ణి" అన్నారాయన. అని, కదలకుండా అక్కడే నిలబడ్డారు. పాకలో పిల్లలు చదువుకుంటున్న చప్పుడు వినబడుతోంది. జీపు డ్రైవరుకు వినపడనంత దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించారు.

"మా మనవడు మూడో తరగతమ్మా. పట్నంలో పేరున్న బడి. వాళ్ళ తెర మీ గోడకంటే పెద్దది. వాడు భలే తాకుతాడు, కప్పులు కూడా వచ్చాయి. మొన్న బస్టాండులో, బస్సు బోర్డు మీద ఏముందో చదవరా నాన్నా అన్నాను. వాడు వెళ్ళి, బోర్డు మీద వేలు పెట్టి, అలా నిలబడిపోయాడమ్మా. అదే చదివి వినిపిస్తుందని చూస్తూ…"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీ పాకలో," అన్నారు, "ఇంకొక్కడికి చోటుందా?"